గుమ్మం లేని పెళ్ళిల్లు

మో గురువుగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోరు తెరిచేవారు కాదు, గడ్డి చెప్పులు తొడుక్కునేవారు. తొడుక్కుని ఎటో నడక మొదలుపెట్టేవారు. అడిగినవాడు వెంట పరుగెత్తాలి. దారిలోనో, దారి చివరో జవాబు ఎదురయ్యేది. కొందరికి ఎదురయ్యేది కాదు, కాళ్ళ నొప్పులు మాత్రం మిగిలేవి. అందుకే చైనా దేశంలోని ఆ కొండ మీది ఆశ్రమంలో శిష్యులు ఏదైనా అడగబోయే ముందు తమ చెప్పులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకునేవాళ్ళు.

ఆ శిష్యుల్లో ఒకడైన రూషాన్‌కి ఆ వసంతకాలపు పొద్దుట అంత ఓపిక లేకపోయింది. గురువుగారిని పెళ్ళికి పిలుచుకు రమ్మని తల్లి పంపితే, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, వగరుస్తూ వచ్చి, పిలుపు మాట మరిచిపోయి ఇది అడిగాడు.

“గురువుగారూ! ఉండకూడని చోట ఉన్న చెట్టు ఇంటికి కీడు చేస్తుందా, చెయ్యదా? ఇప్పుడే తేలాలి. పొద్దు వాలేలోగా మా వదిన గడప దాటాలి. అక్కడ మా మామ గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు!”

సంగతి ఇదీ. కొండ కింద, సరస్సు ఒడ్డున, లూవాన్ అని పట్టు పండించే ఊరు. ఆ ప్రాంతంలో ఇంటి చుట్టూ చెట్లు నాటడమంటే ఆషామాషీ కాదు. వాకిట్లో దానిమ్మ ఉంటే ఇంటినిండా పిల్లలు, పీచ్ చెట్టుంటే దయ్యం దరికి రాదు. ఇంటి ముందు మల్బరీ మాత్రం కూడదు, ఇంట్లో ఏడుపు వినిపిస్తుంది. వెనక విల్లో కూడదు, వంశం నిలవదు. వాకిలి మధ్య పాప్లర్ అసలే కూడదు, గాలి వీస్తే దాని ఆకులు దయ్యాలు చప్పట్లు కొట్టినట్టు చప్పుడు చేస్తాయి. ఇవన్నీ అక్కడ పాలు మరవని పిల్లలకి కూడా తెలుసు.

రూషాన్ వాళ్ళ వీధిగుమ్మానికి ఎదురుగా, ప్రహరీ మీదికి కొమ్మలు వాల్చుకుని, నిండుగా ఒక మల్బరీ చెట్టు ఉంది. నాటింది అతని తండ్రి. ఆయన బతికున్నంత కాలం ఊరివాళ్ళు గొణుక్కోవడమే గాని పైకి అన్నది లేదు. ఆయన పోయాడు. ఆ తర్వాత వరసగా రెండు వసంతాలు ఇంట్లో పట్టుపురుగులు, పుట్టినవి పుట్టినట్టే, తట్టల్లో చచ్చిపోయాయి. ఇంకేముంది, చెప్పామా లేదా అని ఊరంతా ఒకటే గోల.

ఇప్పుడు పెద్దకొడుకు హైషెంగ్‌కి పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు యాచిన్, సరస్సు అవతలి ఊరు. కొత్తకోడలు మొదటి ఏడు పెంచిన పురుగుల్ని చూసి ఆమె కాలు ఎలాంటిదో తేల్చడం అక్కడి రివాజు. ఈసారీ పురుగులు పోతే నింద ఎవరి నెత్తిన పడుతుంది? నిన్న కాక మొన్న వచ్చిన ఆ పిల్ల నెత్తిన. కాలుపెట్టిన వేళ మంచిది కాదంటారు, జన్మంతా అంటారు. రూషాన్ తల్లికి పట్టుకున్న బెంగ అదే. చెట్టు కొట్టించడానికి చెయ్యి రాదు, ఉంచడానికి ధైర్యం చాలదు.

గురువుగారు అంతా విన్నారు. చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నారు.

“పెళ్ళి భోజనం ఉందా?” అన్నారు.

“ఉందండీ!”

“అయితే పద.”

దారి పొడుగునా రూషాన్ ఆగలేదు. ఏ దిక్కున ఏ చెట్టు ఉండాలో, ఎవరింట్లో ఏ చెట్టు వల్ల ఏం జరిగిందో వల్లిస్తూనే ఉన్నాడు. గురువుగారు రాళ్ళు చూసుకుంటూ దిగారు. ఊరి మొదట్లోకి వచ్చేసరికి రూషాన్ ఉన్నపళంగా ఆగిపోయి తొడ చరిచాడు. మెరుపులాంటి ఆలోచన వచ్చింది అతనికి.

ఇంటికి వచ్చేసరికి పాంగ్ మామ చెట్టు మొదట్లో గొడ్డలి ఆనించుకుని, ముహూర్తం చూసుకుంటున్నట్టు ఆకాశం కేసి చూస్తున్నాడు. రూషాన్ తల్లికి అన్న ఆయన. చెట్ల శాస్త్రం ఆయన నాలుక చివర ఉంటుంది. తల్లి గుమ్మంలో చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పెళ్ళికొడుకు కొత్తబట్టల్లో, ఏ పనీ చెయ్యలేక, అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఆగు మామా, ఆగు!” అని అరిచాడు రూషాన్. “చెట్టుది తప్పు కాదు, చోటుది తప్పు. ముందూ వెనకా అనేవి దేన్నిబట్టి? గుమ్మాన్నిబట్టి! చెట్టుని కొట్టడమెందుకు, గుమ్మాన్నే మార్చేద్దాం! ఈ తూర్పు గుమ్మం మూసేసి దక్షిణం వైపు తెరిచామనుకో, మల్బరీ పక్కకి పోతుంది. పక్కన ఉండకూడదని ఎవరైనా అన్నారా?”

పాంగ్ మామ ఆలోచించాడు. ఎవరూ అనలేదు. ఆయన గొడ్డలి కింద పడేసి మేనల్లుడిని కౌగలించుకున్నంత పని చేశాడు.

“వారెవా అల్లుడూ! చదువంటే ఇదీ! ఎవర్రా అక్కడ, గడ్డపారలు పట్టుకురండి!”

పెళ్ళికొచ్చిన కుర్రాళ్ళంతా చొక్కాలు విప్పేశారు. ఒకడు మట్టి తొక్కుతున్నాడు, ఒకడు పచ్చి ఇటుకలు అందిస్తున్నాడు, ఇద్దరు దక్షిణపు గోడ మీద పడ్డారు. వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలి వచ్చారు. రూషాన్ ఒళ్ళు తెలియకుండా పరుగులు పెడుతున్నాడు, చెమటలు కారుతున్నాయి, సంతోషం పట్టలేకపోతున్నాడు. ఇంత తేలిక ఉపాయం ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదే అని తనకు తానే మురిసిపోతున్నాడు. తూర్పు గుమ్మంలో ఇటుకలు నడుం ఎత్తు లేచేసరికి గురువుగారు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు.

“రూషాన్, నేను లోపల ఉండాలా, బయట ఉండాలా?”

“ఎక్కడైనా ఒకటే కదండీ, అటు తెరుస్తున్నాంగా!”

గురువుగారు ఇటుకలు దాటుకుని బయటికి వెళ్ళి, మల్బరీ చెట్టు కింద కూర్చున్నారు.

మధ్యాహ్నానికి తూర్పు గుమ్మం మూసుకుపోయింది, దక్షిణం గుమ్మం తెరుచుకుంది. పాంగ్ మామ కొత్త గుమ్మంలో నిలబడి ఇంటివైపు చూశాడు. చూసినవాడు చూసినట్టే కొయ్యబారిపోయాడు.

“అల్లుడూ, ఉత్తరాన కాలవ గట్టు మీద ఉన్నదేమిటి?”

ఉత్తరాన కాలవ గట్టు మీద ఉన్నది విల్లో చెట్టు. నిన్నటిదాకా అది పక్కన ఉండేది, దాని పాపాన అది ఉండేది. గుమ్మం దక్షిణానికి వచ్చేసరికి అది ఇంటి వెనకకు వచ్చి కూర్చుంది. వెనక విల్లో! పెళ్ళి రోజున! వంశం నిలవని గుమ్మంలోంచి కొత్తకోడల్ని తీసుకొస్తారా?

“పడమట!” అన్నాడు రూషాన్ వెంటనే. “పడమట తెరిస్తే మల్బరీ వెనక్కి పోతుంది, విల్లో పక్కకి పోతుంది. రెండూ కూడనివి కావు!”

“సెబాష్! కానీ ముందు ఇది ముయ్యండి,” అన్నాడు మామ. “ఇంటికి రెండు గుమ్మాలు తెరిచి ఉంటే ఒకదాంట్లోంచి వచ్చిన సిరి ఇంకోదాంట్లోంచి పోతుంది. మూశాకే తెరవాలి.”

మూశారు. ఎంత ఉత్సాహంగా మూశారనుకున్నారు! ఆఖరి ఇటుక లోపలి నుంచే పెట్టి, మట్టి పూసి, చేతులు దులుపుకుని, అందరూ పడమటి గోడ మీదికి ఉరికారు. మొదటి పోటుకే గడ్డపార ఠంగుమని ఎగిరి వెనక్కి వచ్చింది. పడమటి గోడ మట్టిది కాదు. వానజల్లు అటునుంచి కొడుతుందని రూషాన్ తండ్రి దాన్ని ఏటిరాళ్ళతో కట్టించాడు. పైపూత చూసి ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

సరిగ్గా అప్పుడే రేవు వైపు నుంచి సన్నాయిల మోత వినిపించింది.

ఇల్లు ఉంది, వంట ఉంది, పెళ్ళికొడుకు ఉన్నాడు. గుమ్మం లేదు. రూషాన్ గడ్డపార లాక్కుని తూర్పు గుమ్మం వైపు పరుగెత్తాడు, పచ్చి ఇటుకలే కదా, రెండు పోట్లకి ఊడిపోతాయని. పాంగ్ మామ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

“వద్దురా! పెళ్ళి రోజున మూసిన గుమ్మం పెళ్ళి రోజునే పగలగొడితే అందులోంచి ముందు పోయేది శవమే!”

ఈ మాట పెద్దలు చెప్పిందో, మామ అప్పటికప్పుడు చెప్పిందో ఇప్పటికీ తేలలేదు. అయినా శవం అన్న మాట చెవిన పడ్డాక గడ్డపార ఎత్తే చెయ్యి ఎవరికుంటుంది?

రూషాన్ నిచ్చెన వేసుకుని గోడెక్కి తల బయటికి పెట్టాడు. ఎర్ర పల్లకీ వచ్చి చెట్టు ముందు ఆగింది. టపాకాయలు పేలుతున్నాయి, సన్నాయిలు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. పెళ్ళికూతురి తరఫు పెద్దమనిషి ఒకాయన గోడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు. మళ్ళీ చేసి వచ్చాడు. ఆయన మొహం ఎర్రబడింది.

“ఏమయ్యా, మమ్మల్ని రావద్దంటే రావద్దని చెప్పొచ్చుగా! గోడ కట్టి చెప్పాలా?”

“అయ్యో, కాదండీ... ఒక్క క్షణం... పడమట...” రూషాన్ పడమటికి చెయ్యి చూపించాడు. అవతల పెద్దమనిషి పల్లకీ వెనక్కి తిప్పమని బోయీలకు చెయ్యి ఊపేశాడు. పల్లకీ లేచింది. ఇంట్లోంచి తల్లి “రూషాన్, ఏమైందిరా, వెళ్ళిపోతున్నారా?” అని అరుస్తోంది. తన తెలివి తన అన్న బతుకు మీదికి తెచ్చిందని అప్పుడు తెలిసింది రూషాన్‌కి. సిగ్గుతో తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

“దించండి! పల్లకీ దించండి!”

అరిచింది పల్లకీలోని పిల్ల. పెళ్ళికూతురు నోరు విప్పకూడదన్న సంగతి కూడా మరిచిపోయి అరిచింది. బోయీలు బిత్తరపోయి దించారు. తెర పక్కకి పోయింది. యాచిన్ ఎర్ర ముసుగు నెత్తిమీదికి తోసేసి బయటికి దూకింది. రెండు చేతులతో గుండెల దగ్గర ఏదో పొదివి పట్టుకుంది.

అదేమిటో ఆడవాళ్ళకి వెంటనే అర్థమైంది. ఆ ప్రాంతంలో పట్టుగుడ్లు అంటించిన కాగితాన్ని దూదిసంచిలో పెట్టి, ఆడవాళ్ళు ఒంటికి ఆనించి కట్టుకుంటారు. ఒంటి వేడికి గుడ్లు పిల్లలవుతాయి. యాచిన్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారె అదే. ఇంకా కొన్నాళ్ళకు పగలవలసిన గుడ్లు, ఎండలో మూసిన పల్లకీ, ఆ ఉక్క, ఆ ఆలస్యం. ఒక్కసారిగా పగిలి పిల్లలయ్యాయి. కాగితం నిండా నల్లగా, చీమల్లాగా, సన్నటి పురుగులు తలలెత్తి వెతుక్కుంటున్నాయి.

“ఆకు కావాలి, లేతాకు! ఇప్పుడే పడాలి వీటి నోట్లో, లేకపోతే ఒక్కటీ దక్కదు!” అంది ఆ పిల్ల. “ఈ రోజుల్లో ఆకెక్కడిది? దారిలో చూస్తూనే వచ్చాను, మల్బరీ తోటలన్నీ మోడులే!”

ఆ మాట అంటూ తలెత్తింది. నెత్తిమీద మల్బరీ చెట్టు. గోడ వెచ్చదనానికి, తూర్పు ఎండకి, ఊరందరి చెట్లకంటే ముందే చిగిర్చి, లేతాకుతో పచ్చగా మెరుస్తోంది.

యాచిన్ మారుమాట లేకుండా దూదిసంచి తీసి, చెట్టు కింద కూర్చున్న గురువుగారి చేతుల్లో పెట్టింది.

“తాతగారూ, కాస్త పట్టుకోండి. గుండెలకి ఆనించి పెట్టండి, చల్లబడితే చస్తాయి.”

అంతటి మో గురువుగారూ బుద్ధిగా దాన్ని అంగీలో దాచుకుని, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ కూర్చున్నారు.

పట్టు పండించే ఊళ్ళ ఆడపిల్లలకి చెట్టెక్కడం ఒకరు నేర్పాలా? ఎర్ర పావడా ఎత్తి దోపుకుంది, చెప్పులు విడిచింది, చరచరా ఎక్కేసింది. పెళ్ళి ముసుగు కొమ్మకు కట్టి దాంట్లో చిగుళ్ళు దూసి పోసింది. సన్నాయి వాయించేవాడు వాయించడం మరిచి నోరు తెరుచుకు చూస్తున్నాడు. పెద్దమనిషి “అమ్మాయ్, అమ్మాయ్, పరువు!” అంటూ కిందనుంచి మొత్తుకుంటున్నాడు. వినే తీరిక ఎవరికుంది?

“ఓ గోడమీది అబ్బాయ్! నువ్వెవరు?”

“మీ మరిదినండీ, వదినా!”

“ఇదిగో పట్టుకో!” మూట రూషాన్ ఒళ్ళో వచ్చి పడింది. “కత్తి, పీట, కోడి ఈక సిద్ధం చెయ్యమను. దారాల్లా సన్నగా తరగాలి. గుమ్మం ఎటువైపు?”

“గుమ్మం... లేదు, వదినా.”

యాచిన్ ఒక్క క్షణం అతన్ని చూసింది. నవ్వాలో తిట్టాలో తేల్చుకునే సమయం లేదు ఆమెకి. కింది కొమ్మ మీదికి జారి, గురువుగారు పైకెత్తిన సంచి అందుకుని గుండెలకి కట్టుకుంది. గోడ మీదికి వాలిన పెద్దకొమ్మ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. కొమ్మ ఊగింది. రూషాన్ చెయ్యి చాచాడు, ఆమె ఆ చెయ్యి పట్టుకోకుండానే గోడ మీదికి, గోడ మీంచి నిచ్చెన మీదికి, నిచ్చెన మీంచి వాకిట్లోకి దిగింది. పొద్దు ఇంకా గోడ మీదే ఉంది.

తర్వాత ఇంట్లో వినిపించింది కత్తి చప్పుడొకటే. అత్తా కోడలూ పక్కపక్కన కూర్చుని చిగుళ్ళు తరిగారు. కోడి ఈకతో పురుగుల్ని మెల్లగా తట్టలోకి దులిపి, మీద ఆకు చల్లారు. ఇంటిల్లిపాదీ వంగి చూశారు. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక నల్లటి తల కదిలింది. ఇంకోటి కదిలింది. తట్టంతా కదిలింది.

“తింటున్నాయి!” అని కేక పెట్టాడు పెళ్ళికొడుకు. ఆ రోజంతా అతను మాట్లాడిన మొదటి మాట అదే.

రూషాన్ తల్లి బావురుమంది. కత్తి పడేసి, కొత్తకోడల్ని పట్టుకుని, చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

“అత్తయ్యా, ఏమైంది, బతికాయి కదా!”

“బతికాయి తల్లీ, బతికాయి! రెండేళ్ళుగా ఇలాగే ముందే పిల్లలయ్యేవి. తోటల్లో ఆకు ఉండేది కాదు. గుమ్మంలో ఇది పచ్చగా ఊగుతూనే ఉండేది. కీడు చెట్టు, చెయ్యి పెట్టొద్దని మా అన్నయ్య అన్నాడు. నేను పెట్టలేదు. ఆకలితో మాడ్చి చంపాను వాటిని. మీ మామగారు దీన్ని అక్కడెందుకు నాటారో ఒక్కనాడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు...”

పాంగ్ మామ నేల చూపులు చూశాడు. పాపం, ఆయనకీ కళ్ళు చెమర్చాయి. తల్లి లేచింది. చేతిగుడ్డతో మొహం తుడుచుకుని, మూలనున్న గడ్డపార తీసుకుని, నేరుగా తూర్పు గుమ్మం దగ్గరికి నడిచింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. ఒక పోటు, రెండో పోటు, పచ్చి ఇటుకలు కుప్పకూలాయి. కన్నం అవతల పెళ్ళివారు, పల్లకీ, సన్నాయిలు, చెట్టు కింద గురువుగారు.

“రండి బాబూ, రండి, అన్నం చల్లారిపోతోంది!” అని పిలిచింది ఆవిడ, ఏడుస్తూనే.

పెళ్ళి భోజనం ఎంత సందడిగా జరిగిందో చెప్పనక్కరలేదు. పెద్దమనిషి రెండుసార్లు వడ్డించుకుని కోపం మరిచిపోయాడు. పాంగ్ మామ మాత్రం గిన్నె పట్టుకుని చెట్టు వైపే చూస్తూ తిన్నాడు.

గురువుగారు సెలవు తీసుకుని గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే రూషాన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒళ్ళంతా మట్టి, మొహం నిండా సిగ్గు, ఆ సిగ్గు కింద పట్టలేని సంతోషం.

“అయితే గురువుగారూ, ఇంటి ముందు మల్బరీ గురించి పెద్దలు చెప్పింది అబద్ధమేనంటారా?”

గురువుగారు చెప్పు తాడు బిగించుకున్నారు. లోపలినుంచి రూషాన్ తల్లి ముక్కు చీదుకుంటున్న చప్పుడు ఇంకా వినిపిస్తోంది, మధ్యలో కోడలి నవ్వు కూడా.

“అబద్ధమెందుకవుతుంది?” అన్నారు ఆయన. “ఇంట్లో ఏడుపు వినిపిస్తుందన్నారు. వినిపిస్తోందిగా. ఎందుకు ఏడుస్తారో మాత్రం వాళ్ళు చెప్పలేదు.”